రఘుపతి వెంకయ్య నాయుడుగారు

మన మార్కాపురపు పలకలపై బొమ్మలు గీయు బాలురలో, ఆ బొమ్మ కదలి పాట పాడిన నెంత బాగుండునని తలపనివారు అరుదు. అట్టి తలంపును నమ్మి తన యాస్తిని పణముగా నొడ్డిన యొక యాంధ్రుని చరిత్రమును విద్యార్థులకు చెప్పదలచితిమి.

వెంకయ్యగారు మచిలీపట్నమున జన్మించిరి. యౌవనముననే మదరాసు చేరి, ఛాయాచిత్రశాలను స్థాపించి, మంచి పేరు గడించిరి. ఆ వృత్తితోనే సుఖముగా జీవించియుండవచ్చును. కాని 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును గూర్చి తెలిసికొని, ఛాయాచిత్రశాలను కుదువబెట్టి, సుమారు 30,000 రూపాయలు వెచ్చించి దానిని తెప్పించిరి.

ఫ్రాన్సు దేశపు గోమాంట్ సంస్థవారి ఆ యంత్రమున, తెరపై బొమ్మ కదలుచుండగా గ్రామఫోను పళ్లెము పాడెడిది. పాటను ముందుగా పళ్లెమున కెక్కించి, పిమ్మట నటులు దానికి సరిగా పెదవులు కదపుచు నటించెడివారు. అదిమిన గాలి బలముచే ధ్వని హెచ్చింపబడెడిది. పళ్లెము కొన్ని నిమిషములకే ముగియుటచే చిత్రములును చిన్నవే. వానిలో పాటలును హాస్యములును ఉండెడివి. బొమ్మకును పాటకును పొత్తు తప్పినచో, గాయకుడు నోరు మూసికొన్న పిదపకూడ పాట వినవచ్చెడిది!

వెంకయ్యగారు ఈ చిత్రములను మదరాసు విక్టోరియా పబ్లిక్ హాలునందు ప్రదర్శించి, పిదప యంత్రముతో సింహళ, బర్మా దేశములకు సయితము వెళ్లిరి. 1914లో మదరాసున గెయిటీ థియేటరును కట్టించిరి. కుమారుడు సూర్యప్రకాశును చిత్రకళ నేర్చుకొనుటకై విదేశములకు పంపిరి. 1921లో తండ్రి స్థాపించిన సంస్థ పక్షమున కుమారుడు భీష్మప్రతిజ్ఞ యను మూకీచిత్రమును తీసెను. కాని ఖర్చులు పెరిగి, అప్పులు మీదబడి, వెంకయ్యగారి సంపద చేజారిపోయెను.

1940లో మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల ననుసరించి బారిష్టరు పార్వతీశము అను హాస్యచిత్రమునకు ప్రకాశుగారే దర్శకత్వము వహించిరి. నాడు పరదేశపు పళ్లెము పాడిన తెరపై నేడు తెలుగు నవ్వు తెలుగుననే వినవచ్చెను. మరుసటి యేడు, 1941లో, వెంకయ్యగారు పరమపదించిరి. 1980లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారి పేర నొక పురస్కారమును నెలకొల్పినది.

చిత్రములన్నియు బాలురకు తగినవని మా యభిప్రాయము కాదు. ధనము పోగొట్టుకొనుట ఘనతయనియు మేము చెప్పము. అయినను, తలాంతుల ఉపమానమున యజమానుడు గద్దించినది తలాంతును భూమిలో దాచినవానినే గదా! వెంకయ్యగారు దేనిని దాచలేదు. బాలబాలికలారా, మీ కొసగబడిన దానిని మీరేమి చేయుదురో యోచింపుడు.