ఫైనల్ పరీక్ష తప్పించుకోవాలనుకున్న విద్యార్థి



మీరు ఈ రోజు ఫోన్‌లో జేపెగ్ ఫొటో ఒకటి తీసి ఉంటే, డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టిన పద్ధతిని దాదాపు ఖాయంగా వాడుకున్నట్లే. ప్రోగ్రామింగ్ పోటీలకు తయారయ్యే పిల్లలకైతే ‘గ్రీడీ’ అల్గారిథమ్స్ పాఠంలో ఆయన పేరు తప్పకుండా ఎదురవుతుంది.

ఆయన 1925లో అమెరికాలోని ఒహాయోలో పుట్టారు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ చేసి, నౌకాదళంలో రాడార్ పని చూసి, పై చదువుకు ఎం.ఐ.టి.లో చేరారు. 1951లో అక్కడ సమాచార సిద్ధాంతం చెప్పే ప్రొఫెసర్ రాబర్ట్ ఫానో విద్యార్థులకు ఒక వెసులుబాటు ఇచ్చారు. ఫైనల్ పరీక్షకు బదులు, ఒక సమస్య తేల్చి టర్మ్ పేపర్ రాసినా చాలు. అక్షరాలను 0, 1 అంకెలుగా మార్చేటప్పుడు అన్నిటికన్నా తక్కువ చోటు పట్టే పద్ధతి ఏది అన్నదే ఆ సమస్య. అది తనకూ, క్లాడ్ షానన్ అంతటివారికీ కొరుకుడు పడలేదన్న సంగతి మాత్రం ఫానో చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది లెండి!

నెలలు గడిచాయి. హఫ్‌మన్ ఎన్ని పద్ధతులు కట్టినా, అదే ఉత్తమమని ఒక్కదాన్నీ నిరూపించలేకపోయారు. ఇక కాగితాలు పారేసి పరీక్షకు చదువుకుందామనుకున్న సమయంలో దారి తట్టింది. ఫానో పద్ధతి పైనుంచి గుంపులను విడగొడుతూ కిందికి వస్తుంది. హఫ్‌మన్ కిందినుంచి కలుపుతూ పైకి వెళ్లారు.

మీ పిల్లలతో ఈ లెక్క వేయించి చూడండి. 100 అక్షరాల సందేశంలో ‘క’ 50 సార్లు, ‘ర’ 25, ‘మ’ 15, ‘ల’ 10 సార్లు వచ్చాయనుకుందాం. అన్నిటికీ రెండేసి అంకెలిస్తే మొత్తం 200 అంకెలు. ఇప్పుడు అతి తక్కువగా వచ్చే ‘మ’, ‘ల’లను జతచేస్తే 25. దానికి ‘ర’ కలిపితే 50. చివరగా ‘క’. ఎంత ఆలస్యంగా కలిస్తే అంత చిన్న కోడ్: ‘క’కు ఒక అంకె, ‘ర’కు రెండు, ‘మ’, ‘ల’లకు మూడేసి. మొత్తం 175. పద్ధతి ఇంతే. ఇంతకన్నా తగ్గదని నిరూపించడమే అసలు కష్టం, పోటీల్లో పిల్లలు తడబడేదీ అక్కడే.

1952లో ఆ పేపర్ అచ్చయింది. హఫ్‌మన్ దానికి పేటెంట్ తీసుకోలేదు. 1967లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ ప్రాంగణానికి వెళ్లి, అక్కడ కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని నిలబెట్టారు. 1999లో కన్నుమూశారు. చివరి దశాబ్దాల్లో ఆయనను పట్టుకున్న సరదా వేరు: వంకర గీతల వెంట కాగితం మడిచి ఆకృతులు చేయడం, వాటి వెనుక గణితాన్ని తేల్చడం.