తారాజువ్వకు ఇనుప కవచం తొడిగిన హైదర్ అలీ



దీపావళికి మన చౌడేపల్లె, పుంగనూరు వీధుల్లో పిల్లలు వదిలే తారాజువ్వకు ఓ పుల్ల కట్టి ఉంటుంది. అదెందుకని పిల్లలు అడిగితే, మన పక్కనే పుట్టి చిత్తూరు దగ్గర కన్నుమూసిన హైదర్ అలీ కథ చెప్పండి.

హైదర్ 1720 ప్రాంతంలో కోలారు జిల్లా బూదికోటలో పుట్టాడు. కుప్పం దాటి సరిహద్దు అవతలికి వెళితే ఆ ఊరు ఎంతో దూరం కాదు. తండ్రి ఫతే మహమ్మద్ ఆర్కాటు నవాబు కోసం రాకెట్లు వదిలే 50 మంది దళాన్ని నడిపాడు. హైదర్ చిన్నతనంలోనే ఆయన యుద్ధంలో చనిపోయాడు. పిల్లవాడికి చదువు అబ్బలేదు. అయినా అపారమైన జ్ఞాపకశక్తి ఉండేది. మైసూరు సైన్యంలో చేరి, 1761 నాటికి రాజ్యాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. చదవడం రాకపోయినా, తెలిసినవాళ్లను పిలిపించి పని నేర్పించుకోవడం ఆయనకు బాగా తెలుసు. దిండిగల్‌లో ఫ్రెంచి నిపుణులను పెట్టుకుని ఆయుధశాల నడిపాడు.

ఇక సైన్సు సంగతి. విల్లును వంచితే అందులో శక్తి దాగుతుంది. వదలగానే ఆ శక్తంతా ఒక్కసారిగా బాణానికి చేరుతుంది, ఆ తర్వాత బాణం వేగం తగ్గుతూనే పోతుంది. రాకెట్ తన శక్తిని తానే మోసుకెళుతుంది. మొదట్లో నెమ్మదిగా కదిలి, మందు మండేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఆ నెమ్మది క్షణాల్లోనే అది దారి తప్పే ప్రమాదం ఎక్కువ. అందుకే పొడవాటి వెదురుబద్ద కడతారు. మొదట్లోనే విల్లులాంటిది ఒక తోపు ఇస్తే చిన్న రాకెట్ త్వరగా నిలకడ పొందుతుంది.

అంతకుముందు రాకెట్ గొట్టాలు ఎక్కువగా కాగితంతోనో వెదురుతోనో చేసేవారు. లోపల ఒత్తిడి పెరిగితే పగిలిపోయేవి. మైసూరు కమ్మరులు సాగగొట్టిన ఇనుముతో గొట్టాలు చేశారు. ఇనుము ఎక్కువ ఒత్తిడిని తట్టుకుంది, మందు ఎక్కువ పట్టింది. రాకెట్ కిలోమీటరుకు పైగా దూరం వెళ్లింది.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్, ఆయన కొడుకు టిప్పు కలిసి కల్నల్ బెయిలీ నాయకత్వంలోని ఇంగ్లీషు సేనను ఓడించారు. ఆ పోరులో ఇంగ్లీషువారి మందుగుండు బళ్లు పేలిపోయాయి. అయితే అదే దండయాత్రలో ఎన్నో పల్లెలు తగలబడ్డాయి, రైతులు ఊళ్లు వదిలి పారిపోయారు. పిల్లలకు గెలుపుతో పాటు ఈ నష్టం కూడా చెప్పాలి.

1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో, వీపు మీద లేచిన పుండుతో హైదర్ చనిపోయాడు. టిప్పు అప్పటికి మలబారులో ఉన్నాడు. అతను వచ్చేదాకా సైన్యం చెదరకూడదని మంత్రులు ఆ వార్తను దాచి ఉంచారు. హైదర్ సమాధి శ్రీరంగపట్నంలో ఉంది.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక, మైసూరు రాకెట్లు ఇంగ్లండు చేరాయి. వాటిని చూసి విలియం కాంగ్రీవ్ కొత్త రాకెట్లు తయారు చేశాడు. 2018లో కర్ణాటకలోని నగర గ్రామంలో ఓ పాత బావిలో వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి. వాటిని చేసిన కమ్మరుల పేర్లు మాత్రం చరిత్రలో మిగల్లేదు. మంచి మార్కులతో పాటు చేతిపని నేర్పుకూ ఇంట్లో గౌరవం దక్కాలని ఆ ఇనుప గొట్టాలు గుర్తు చేస్తాయి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి: కాగితం చుట్టి చిన్న రాకెట్ చేయించండి. రబ్బరు బ్యాండును 3 సెంటీమీటర్లు, తర్వాత 6 సెంటీమీటర్లు లాగి వదిలి, ఎంత దూరం పోయిందో టేపుతో కొలిపించి నోటుబుక్కులో రాయించండి. రెట్టింపు లాగితే దాగే శక్తి దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. ఎవరి ముఖం వైపూ గురిపెట్టనివ్వకండి. అగ్గిపుల్లల మందు, టపాసుల మందు జోలికి అసలు పోనివ్వకండి.