ఫాంటు పేరులో ఒక మాస్టారు

మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. వారి పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవమంటే మాత్రం తడబడతారు. వారి కోసం ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి స్లైడ్లు తయారుచేశాం. ముచ్చటపడి అలంకారపు ఫాంటు పెట్టాం. తీరా తెర మీద చూస్తే ఒత్తులు కింది వరుస గుడులకు తగిలి ముద్దయ్యాయి. వెనుక బెంచీ పిల్లలు చదవలేక తలదించుకున్నారు. తప్పు వారిది కాదు, మాది. మరో ఫాంటు కోసం వెతుకుతుంటే జాబితాలో గిడుగు అనే పేరు కనిపించింది. ఎవరాయన అని పిల్లలు అడిగారు.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆ పుట్టినరోజే మన భాషా దినోత్సవం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. శ్రీముఖలింగం గుడి శాసనాల మీది పాత అక్షరాలను సొంతంగా సాధన చేసి చదవడం నేర్చుకున్నారు.

దగ్గరి కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. అడవుల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

ఆ రోజుల్లో తెలుగు పాఠ్యపుస్తకాలు గ్రాంథికంలో ఉండేవి. పిల్లలకు అర్థంకాని భాషలో చదువు చెప్పడం ఆయనకు నచ్చలేదు. శిష్టజనుల వాడుక భాషే రాతలోకి రావాలని ఊరూరా ఉపన్యసించారు, 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు, దశాబ్దాలు బతికిన ఊరిని వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. బదిలీల మీద ఊళ్లు మారే మాకు ఆ ప్రయాణం ఎంత బరువైనదో కొంత తెలుసు.

తర్వాత స్లైడ్లు మార్చాం. శీర్షికకు మాత్రమే గిడుగు ఫాంటు, లోపల సాదా ఫాంటు. అక్షరం పెద్దది చేశాం, ఒత్తులకు చోటుండేలా వరుసల మధ్య ఎడం పెంచాం, ఒక్కో స్లైడుకు నాలుగే వాక్యాలు ఉంచాం. ఈసారి చివరి బెంచీ అమ్మాయి గట్టిగా చదివింది. పిల్లలూ, మీరు ఏది రాసినా చివరి బెంచీకి అందుతుందో లేదో ఒకసారి అక్కడ కూర్చుని చూడండి. పంతులుగారు జీవితమంతా చేసిన పని అదే.