నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా సాహెబుగారు

పెండ్లిపందిటను, దేవుని ఊరేగింపునను సన్నాయి మ్రోగనిదే మన పల్నాటివారికి శుభకార్యము నిండుగా తోచదు. ఆ పాటను విని ఆనందించువారు వేలకొలది. ఆ నాలుగు గడియల వాదనము వెనుక ఎన్నియేండ్ల సాధన యున్నదో తలపోయువారు మాత్రము కొలదిమంది. మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలలో సంగీతము నేర్చుకొనుచున్నవారును, నేర్వదలచినవారును కలరు. విద్యలో దేనిని కోరవలెనో, కోరినదానిని ఎట్లు సాధింపవలెనో తెలిసికొనుటకు షేక్ చిన మౌలానాగారి జీవితము వారికి మంచి పాఠము. వారు గతించి పాతికేండ్లు దాటినను వారి చరిత్ర నేటికిని పాతబడలేదు.

చిన మౌలానాగారు 1924 మే 12వ తేదీన ఒంగోలు సమీపమునగల కరవది గ్రామములో జన్మించిరి. ఆనాడు ఒంగోలు ప్రాంతము గుంటూరు జిల్లాలోనిది. వారిది తరతరములుగా నాదస్వరమే జీవికగా గల కుటుంబము. మతముచేత మహమ్మదీయులయ్యును, దేవాలయములలో స్వామి సేవకు మేళము వాయించుట, త్యాగరాజాదుల కీర్తనలను భక్తితో పలికించుట ఆ కుటుంబములకు సంప్రదాయము. తెలుగుదేశమున ఇట్టి కుటుంబములు పెక్కు కలవు. వారు వాయించుచుండగా ఏ ఊరివారును వారి మతమును అడిగి యెరుగరు.

మౌలానాగారి తొలిగురువు తండ్రి కాసిం సాహెబుగారు. పిమ్మట వారు చిలకలూరిపేటలో ఆదం సాహెబుగారిని ఆశ్రయించి విద్య నభ్యసించిరి. నరసరావుపేటకు చేరువనున్న చిలకలూరిపేట నాదస్వర విద్వాంసులకు పేరుమోసిన స్థలము. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో నేడది చేరియున్నది. కనుక ఈ మహావిద్వాంసుని విద్యకు మన సీమయు ఒక మెట్టుగా నిలిచినదని మనము సంతోషింపవచ్చును.

ఆ విద్య ఎంత కష్టమైనదో కొంత చెప్పవలసియున్నది. నాదస్వరమునకు వీణకువలె మెట్లు లేవు. వ్రేళ్ళతో మూసి తెరచు రంధ్రములు ఏడు మాత్రమే. ఒక్కొక్క రంధ్రమును సగమో పావో మూయుచు, పీకపై పెదవుల బిగువును, ఊపిరి ఒత్తిడిని మార్చుచు, పండ్రెండు స్వరస్థానములను, వాని నడుమనుండు గమకములను పలికింపవలెను. ఏ స్వరము ఎంత జారినదో కంటికి కనబడదు, చెవియే సాక్షి. ఊపిరి చాలనిచో రాగము నడుమ తెగును. పెదవి అలసినచో శ్రుతి తప్పును. అందుచేత సరళి, జంట వరుసలను, అలంకారములను మూడు కాలములలోను ఏండ్లతరబడి నూరుకొననిదే కీర్తన యొక్క ముఖమైనను చూడరాదు.

ఈ కష్టమునంతయు దాటి చిన మౌలానాగారు తెలుగునాట మంచి విద్వాంసులని పేరొందిరి. పెక్కుమంది సాధన ఇచ్చటనే ఆగిపోవును. పేరు వచ్చినది, పిలుపులు వచ్చుచున్నవి, ఇక నేర్వవలసినదేమున్నదని తృప్తి కలుగును. మౌలానాగారికి అట్టి తృప్తి కలుగలేదు. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారి నాదస్వరము ఆ కాలమున దక్షిణదేశమంతట మారుమ్రోగుచుండెను. 1956లో కీర్తిశేషులైన ఆ మహనీయుని రాగాలాపన మౌలానాగారి మనస్సును కట్టివేసెను. తొందరపడక ఒక రాగమును గంటలకొలది విస్తరించుట, ఒక్కొక్క స్వరమును నిలిపి దాని అందము నంతయు చూపుట తంజావూరు బాణీ ప్రత్యేకత. ఆ బాణీని సాధింపవలెనని వారు సంకల్పించిరి.

ఈ సంకల్పములో గమనింపదగిన విషయములు మూడు కలవు. మొదటిది, వారి కోరిక స్పష్టమైనది. గొప్పవాడను కావలెనన్న కోరిక మంచిదే గాని, అది రేపు ఉదయము లేచి ఏమి వాయింపవలెనో చెప్పదు. ఫలానా బాణీలో ఫలానా విధముగా రాగము పలుకవలెనన్న కోరిక చెప్పును. రెండవది, తమకు లేనిదేమో వారు గుర్తెరిగిరి. మూడవది, ఆ లోటును తీర్పగల గురువులకై దూరదేశమైనను వెదకిపోయిరి. తంజావూరు సీమలోని నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకన్ను పిళ్ళై సోదరులకు శిష్యులై, విద్వాంసుడనన్న గర్వమును విడిచి, మరల విద్యార్థియై కూర్చుండిరి. భాష వేరు, ఊరు వేరు, అలవాటైన వాదన పద్ధతియు వేరు. చేయి తిరిగినవానికి క్రొత్తగా నేర్చుటకంటె, పాత అలవాటును మాన్పుకొనుట ఎక్కువ కష్టమని సంగీతము నేర్చినవారెల్లరు ఎరుగుదురు.

ఆ సాధన ఫలించినది. మౌలానాగారు శ్రీరంగములో స్థిరపడి, శ్రీరంగనాథుని సేవలో తమ నాదస్వరమును వినిపించిరి. నాదస్వరమునకు పుట్టినిల్లని చెప్పదగిన తమిళదేశమే తెలుగువాడైన ఆయనను తంజావూరు బాణీకి ప్రతినిధిగా గౌరవించినది. 1977లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమును, అదే సంవత్సరము సంగీత నాటక అకాడమీ తన పురస్కారమును ఇచ్చినవి. 1998లో మద్రాసు సంగీత అకాడమీవారు సంగీత కళానిధి బిరుదముతో సత్కరించిరి. 1999 ఏప్రిల్ 13వ తేదీన వారు పరమపదించిరి.

బిరుదములకంటె మిన్నయైన కార్యమొకటి వారు చేసిరి. శ్రీరంగములో శారదా నాదస్వర సంగీత ఆశ్రమమును స్థాపించి, తాము దూరదేశము పోయి సంపాదించిన విద్యను శిష్యులకు పంచిపెట్టిరి. వారి దౌహిత్రులు కాసిం, బాబు సోదరులు ఆ బాణీనే అనుసరించి ప్రసిద్ధులైరి. వారివద్ద నేర్చిన షేక్ మహబూబ్ సుభానీ, కలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. పురుషుల వాద్యమని లోకము తలచు నాదస్వరమును ఒక స్త్రీ చేపట్టి ఇంతటి గౌరవమందుట, ఆ గురుకుల సాధనకు గొప్ప నిదర్శనము.

మన విద్యార్థులు ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది స్పష్టమే. సంగీతము సంవత్సరములలో వచ్చు విద్య, దినములలో చేయు పని. పెద్ద గమ్యమును మనస్సున నిలుపుకొని, దానిని చిన్న భాగములుగా విడదీసికొనవలెను. ఈ పక్షములో మోహన వర్ణమునకు పల్లవి, అనుపల్లవి మొదటికాలములో శ్రుతి తప్పక రావలెనని నియమించుకొన్నవాడు, పక్షము చివర గురువు ఎదుట వాయించి, వచ్చినదో రాలేదో తెలిసికొనగలడు. రాని తావు నొక పుస్తకములో వ్రాసికొని, మరునాడు అచ్చటినుండియే ప్రారంభింపవలెను. వచ్చిన భాగమునే మరల మరల వాయించి మురియుట సాధన కాదు. మేళగాండ్ర పిల్లలకు పెండ్లి ముహూర్తముల దినములలో తీరిక చిక్కదు. ముహూర్తములు లేని మూఢములు, శూన్యమాసములు వారికి దేవుడిచ్చిన సాధనాకాలము. ఆ నెలలను వ్యర్థముచేయరాదు.

తల్లిదండ్రులకును, గ్రామ పెద్దలకును ఒక మనవి. పిల్లవాడు నేర్చుకొనునప్పుడు వచ్చు అపస్వరములను ఇరుగుపొరుగువారు ఓర్చుకొననిచో, రేపటి పందిటిలో సుస్వరము వినబడదు. నాదస్వరమునకు నాలుగు గోడల నడుమ చోటు చాలదు. చెరువుగట్టునో, గుడి మండపమునో వేకువవేళ వారికి విడిచిపెట్టుడు. మన గ్రంథాలయము స్వరసహితమైన కీర్తన గ్రంథములను, విద్వాంసుల జీవితచరిత్రలను సేకరించి విద్యార్థులకు అందించుగాక. కరవదిలో పుట్టి, చిలకలూరిపేటలో నేర్చి, శ్రీరంగమున వెలిగిన ఆ నాదము, మరల మన పల్నాటి పిల్లల చేతులలో పలుకుగాక.