అబద్ధం రాని గూఢచారిణి



చందమామ చదివి పెరిగిన మీలో చాలామందికి జాతక కథల్లోని కోతుల రాజు గుర్తుండే ఉంటాడు. రాజభటులు విల్లంబులతో చుట్టుముట్టినప్పుడు తన ఒంటినే వంతెనగా చాచి, పరివారాన్నంతా నది దాటించి, తాను నడుము విరిగి ప్రాణం వదులుతాడు. ఈ కథతో పాటు మరి పంతొమ్మిది జాతక కథలను ఇంగ్లీషులో పిల్లల కోసం తిరిగి చెప్పిన పుస్తకం ఒకటి 1939లో లండన్‌లో వెలువడింది. రాసిన అమ్మాయికి అప్పుడు పాతికేళ్ళు. పేరు నూర్ ఇనాయత్ ఖాన్.

తండ్రి బరోడాకు చెందిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు. ఆయన తల్లి వైపు టిప్పు సుల్తాన్ వంశం. తల్లి అమెరికా వనిత. నూర్ 1914 జనవరిలో మాస్కోలో పుట్టింది, పారిస్ పక్కనున్న సురేన్‌లో పెరిగింది. 1927లో తండ్రి ఢిల్లీలో కన్నుమూశాడు. తల్లి దుఃఖంతో మంచాన పడితే పదమూడేళ్ళ ఈ పెద్దబిడ్డే తమ్ముళ్ళనూ చెల్లెలినీ సాకింది. సంగీతం, పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివింది. ఏ ప్రాణినీ హింసించరాదు, అబద్ధమాడరాదు అన్నవి ఆ ఇంట నేర్పిన పాఠాలు.

1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌లో ప్రవేశించాయి. నూర్ కుటుంబం ఇంగ్లాండుకు తప్పించుకుంది. అక్కడ సురక్షితంగా కథలు రాసుకుంటూ కూర్చోవచ్చు. కానీ అక్కాతమ్ముళ్ళు, నూర్, విలాయత్, మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. చంపడం తమ వల్ల కాదు, అలాగని చేతులు కట్టుకుని చూడడమూ తమ వల్ల కాదు, కనుక ప్రాణాపాయం ఎక్కువగా ఉండే పని అడిగి తీసుకోవాలనుకున్నారు. నూర్ ఆ నవంబరులోనే మహిళా వైమానిక సహాయక దళంలో చేరి వైర్‌లెస్ నేర్చుకుంది. బ్రిటన్ ఆమె సొంత దేశం కాదు. పైగా 1942లో పై హోదా కోసం జరిగిన ఇంటర్వ్యూలో, యుద్ధం ముగిశాక భారత స్వాతంత్ర్యం పక్షాన నిలబడతానని బ్రిటిష్ అధికారుల ముఖానే చెప్పేసింది. ఉద్యోగం అడగడానికి వెళ్ళి అలా మాట్లాడేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి!

1943 ఫిబ్రవరిలో, శత్రువు ఆక్రమించిన దేశాల్లో రహస్యంగా పనిచేసే శాఖ ఆమెను తీసుకుంది. పట్టుబడితే మరణమేనని ముందే చెప్పారు. శిక్షకులు కొందరు ఈమె ఈ పనికి తగదని రాశారు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి మరొకటి చెప్పడం రాని మనిషి గూఢచారిణి ఎలా అవుతుంది? వారి సందేహం సబబైనదే. అయితే ఫ్రెంచి ధారాళంగా వచ్చి, వైర్‌లెస్ తెలిసినవారు దొరకడమే కష్టంగా ఉంది. 1943 జూన్ 16 రాత్రి చిన్న విమానంలో ఆమెను ఫ్రాన్సులో దించారు. మారుపేరు మడలీన్.

వారం పది రోజుల్లోనే ఆమె చేరిన దళం నాయకులు జర్మన్ పోలీసులకు చిక్కారు. వెనక్కి రమ్మని లండన్ కోరింది. ఆమె రానంది. తాను వచ్చేస్తే పారిస్ నుంచి వార్త పంపేవారే ఉండరని ఆమె వాదన. సూట్‌కేసులో ఇమిడే వైర్‌లెస్ యంత్రం మోసుకుంటూ, ఇల్లు మార్చి ఇల్లు, జుట్టు రంగు మార్చి, సందేశాలు పంపింది. ఒకసారి భూగర్భ రైలులో జర్మన్ సైనికులు పెట్టెలో ఏముందని నిలదీస్తే, సినిమా యంత్రం అని చెప్పి గట్టెక్కిందని ఆమె చరిత్ర రాసినవారు అంటారు. చూశారా, అబద్ధం రానమ్మాయి! హంతకుడు గుమ్మంలో నిలబడి నీ స్నేహితుడెక్కడ అని అడిగితే నిజం చెప్పాలా అన్న ప్రశ్నను తత్వశాస్త్రం తరగతిలో మేము గంటల తరబడి చర్చించేవాళ్ళం. ఆమెకు ఒక్క క్షణమే దొరికింది.

అక్టోబరులో ఎవరో డబ్బు కోసం ఆచూకీ ఇవ్వగా ఆమె పట్టుబడింది. గదిలో ఒక నోటు పుస్తకం దొరికింది. పంపిన సందేశాలన్నీ, సంకేతాలతో సహా, అందులో రాసి ఉన్నాయి. సూచనలు సరిగా అర్థం చేసుకోక వాటిని దాచి ఉంచింది. ఇది పెద్ద తప్పే. వీరగాథలు చెప్పేవారు దీన్ని దాటేస్తారు గాని, మనం దాటవద్దు. ఆ పుస్తకం సాయంతో జర్మన్లు ఆమె పేరిట లండన్‌కు సందేశాలు పంపసాగారు. అనుమానించడానికి కారణాలున్నా లండన్ నమ్మింది, మనుషులను పంపింది.

ఇవతల విచారణలో ఆమె నోరు విప్పలేదు. నవంబరు 25న మరో ఇద్దరు ఖైదీలతో కలిసి పైకప్పు మీదుగా పారిపోయింది. అదే సమయానికి విమానదాడి సైరన్ మోగడంతో కాపలావాళ్ళు గదులు తనిఖీ చేశారు, ముగ్గురూ దొరికిపోయారు. ఇక పారిపోనని మాట ఇమ్మని జర్మన్ అధికారి అడిగాడు. ఇచ్చి, తర్వాత తప్పవచ్చు కదా? ఎవరు తప్పుపడతారు? ఆమె ఇవ్వలేదు. రైలులో సైనికుల ముందు అబద్ధమాడగలిగిన మనిషి, తన మీద సంకెళ్ళు పడకుండా మాత్రం ఆడలేకపోయింది. జర్మనీలోని ప్ఫోర్జైమ్ జైలులో కాళ్ళకూ చేతులకూ గొలుసులు వేసి పది నెలలు ఒంటరిగా ఉంచారు. పళ్ళెం అడుగున గీతలు గీసి పక్క గదుల స్త్రీలకు తన ఉనికి తెలిపేది.

ఇప్పుడు మరో మడలీన్ గురించి చెప్పాలి. ఈమెకది సొంత పేరు. మడలీన్ డమెర్మాన్, ఉత్తర ఫ్రాన్సుకు చెందిన భక్తిగల కథోలిక యువతి. కూలిన విమానాల సైనికులను సరిహద్దు దాటించే పనిలో అప్పటికే ఆరితేరింది. 1944 ఫిబ్రవరి చివరి రాత్రి షార్త్ర్ దగ్గర పారాచూట్‌తో దిగేసరికి కింద జర్మన్ పోలీసులు కాచుకుని ఉన్నారు. నూర్ పేరిట నడిచిన ఆ దొంగ వైర్‌లెస్ పిలుపు మీదే ఆమె వచ్చింది.

సెప్టెంబరులో నూర్‌నూ, డమెర్మాన్‌నూ, యోలాండ్ బీక్‌మన్, ఎలియాన్ ప్లూమన్ అనే మరో ఇద్దరినీ ఒకే రైలులో డఖావ్ శిబిరానికి తరలించారు. ఈ పేరు మనకు తెలిసినదే. 2,700 మందికి పైగా మతగురువులను బంధించిన చోటు. 2022లో పునీతుడిగా ప్రకటింపబడిన టైటస్ బ్రాండ్స్మా 1942లో అక్కడే హతుడయ్యారు. సెప్టెంబరు 13 ఉదయం ఆ నలుగురినీ కాల్చి చంపారు. నూర్‌కు ముప్పై ఏళ్ళు. డమెర్మాన్‌కు ఇరవై ఆరు.

1949లో బ్రిటన్ నూర్‌కు జార్జ్ క్రాస్ ప్రకటించింది. 2012లో లండన్ గోర్డన్ స్క్వేర్‌లో ఆమె విగ్రహం నిలిపారు. డఖావ్‌లో దహనశాల దగ్గరి ఫలకం మీద మాత్రం ఆమె పేరు ఒంటరిగా లేదు. మిగతా ముగ్గురితో పాటే ఉంది.