లెక్కకు లయ కూర్చిన రిచర్డ్‌సన్

తాండూరు కంది రైతు విత్తనము చేతబట్టి ఆకాశము వంక చూచును. రేపటి వాన జాడ అతనికి నేడే తెలియుచున్నదన్నచో, దాని వెనుక వేలాది గణనయంత్రములు పంచుకొని చేయు లెక్క యున్నది. ఆ పంపకమును యంత్రములు పుట్టకముందే ఊహించిన మేధావి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

ఆయన 1881లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, యుద్ధమును నిరసించు క్వేకరు కుటుంబమున జన్మించినారు. కేంబ్రిడ్జిలో చదివి, 1913లో ఎస్క్‌డేల్‌మ్యూర్ వేధశాలకు అధికారియైనారు. 1916లో ఆ ఉద్యోగము విడిచి, ఫ్రాన్సు యుద్ధభూమిలో క్షతగాత్రులను మోయు బండి నడిపినారు. అచటి విరామములలో 1910 మే 20 నాటి వాతావరణమును సమీకరణములతో లెక్కగట్టినారు. ఆరు గంటల మార్పునకు వారముల తరబడి శ్రమించినను ఫలితము తప్పినది. వాస్తవముగా ఇంచుమించు కదలని వాయుపీడనము 145 మిల్లీబారులు పెరుగునని వచ్చినది. ఆయన దానిని దాచక, 1922లో తమ గ్రంథమున ప్రకటించినారు.

ఆ గ్రంథముననే ఒక అపురూపమైన ఊహ గలదు. గోళాకారపు మహామందిరము; గోడలపై భూగోళ పటము; 64,000 మంది గణకులు, ఎవరి ప్రాంతపు లెక్క వారిది. అయితే ఇరుగుపొరుగు ఫలితము అందనిదే ఎవరును ముందుకు సాగలేరు. వరినాట్ల వరుసలో ఒకరు వెనుకబడిన అందరును ఆగవలసినట్లే ఇదియును. కావున నడుమ స్తంభముపై నాయకుడు నిలిచి, ముందు పోవువారిపై గులాబి వెలుగును, వెనుకబడినవారిపై నీలి వెలుగును ప్రసరింపజేయును.

యుద్ధానంతరము వాతావరణశాఖలో మరల చేరినను, 1920లో అది విమానమంత్రిత్వశాఖ క్రిందికి పోగా, తన విద్య యుద్ధమునకు తోడ్పడరాదని రాజీనామా చేసి అధ్యాపకులైనారు. యుద్ధముల కారణములను సైతము గణితముతో శోధించినారు. 1950లో అమెరికాలోని ఎనియాక్ యంత్రము వాతావరణమును గణించిన వార్త విని సంతసించి, 1953లో కన్నుమూసినారు.

ఆయన లెక్క తప్పుటకు మూలము సూత్రములు కావనియు, తొలి కొలతలలోని పొందికలేమి యనియు తరువాతివారు కనుగొన్నారు. నేడు పుణేలోని అర్క, నోయిడాలోని అరుణిక యను మహాయంత్రములు ఇట్టి లెక్కలే చేయుచున్నవి. స్తంభముపై నాయకుని పని ఇప్పుడు షెడ్యూలరు అను ప్రోగ్రాముది. సమానశక్తి లేని యంత్రములకు సమానముగా పని పంచిన, చురుకైనది మందమైనదాని కొరకు ఊరక వేచియుండును. శక్తికి తగినట్లు పంచిననే అన్నియు ఒక్కసారి గట్టు చేరును.

రిచర్డ్‌సన్ తన తప్పును దాచియున్నచో దానిని దిద్దువారే లేకపోయెడివారు. లెక్క తప్పిన విద్యార్థి పలక తుడుచుకొనక ముందు ఈ మాట తలచుకొనవలెను.