కత్తి కంటె ముందు చూపు: విల్హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్

1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ వాషింగ్టన్ నగరపు రైల్వే స్టేషనులో తుపాకి కాల్పులకు గురియైనాడు. ఒక గుండు వీపునుండి దూరి దేహంలో ఎక్కడో నిలిచిపోయింది. దాని జాడ తెలుసుకొనడానికి ఆనాటి మేటి వైద్యుల చేతిలో ఉన్న సాధనాలు వేలు, శలాక మాత్రమే. శుద్ధి చేయని వేళ్లతోనే వారు గాయాన్ని పలుమార్లు కెలికారు. టెలిఫోను నిర్మాత గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే యంత్రమొకటి తెచ్చి వెదికాడు. అదీ ఫలించలేదు. గాయం చీముపట్టి, 79 రోజులు నరకయాతన అనుభవించి, సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ కన్నుమూశాడు. శవపరీక్షలో చూడగా గుండు వైద్యులు వెదకిన చోట లేదు. ప్రాణానికి పెద్దగా ముప్పులేని మరొక తావులో అది ఒదిగి ఉన్నది. ఆయన ప్రాణం తీసినది గుండు కంటె ఆ వెదుకులాటే అని నేటి చరిత్రకారులు పలువురు తలుస్తారు. దేహంలోనిది చూడాలంటే దేహాన్ని చీల్చక తప్పని కాలమది.

ఆ సంవత్సరం జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో విల్హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ అనే 36 ఏండ్ల భౌతికశాస్త్రాచార్యుడు పాఠాలు చెప్పుకొంటున్నాడు. వైద్యవృత్తితో ఆయనకు ఎట్టి సంబంధమూ లేదు. అయినా మరి పదునాలుగేండ్లకు కత్తి కంటె ముందు చూపును వైద్యుని చేతికందించినవాడు ఆయనే.

రాంట్‌జెన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి బట్టల వర్తకుడు. తల్లిది హాలెండు దేశపు కుటుంబం. బాలునికి మూడేండ్లు నిండగానే ఆ కుటుంబం హాలెండులోని అపెల్‌డోర్న్‌కు తరలిపోయింది. పసినాట ఆయనలో అసాధారణ ప్రజ్ఞ ఏదీ కనిపించలేదు. కొండలూ అడవులూ తిరగడం, చేతితో చిన్న చిన్న యంత్రాలు చేసుకొనడం ఆయనకు ప్రీతి.

యూట్రెక్ట్ పట్టణంలోని సాంకేతిక పాఠశాలలో చదువుతుండగా, ఒక సహాధ్యాయి ఉపాధ్యాయుని వ్యంగ్యచిత్రాన్ని గీశాడు. చూసి నవ్వుతున్న రాంట్‌జెన్ పట్టుబడ్డాడు. గీసినవాని పేరు చెప్పమన్నారు. ఆయన చెప్పలేదు. పాఠశాలనుండి వెళ్లగొట్టారు. అధ్యాపకులమైన మేము ఈ ఘట్టాన్ని తొందరగా దాటిపోరాదు. ఒక నవ్వుకూ, ఒక మౌనానికీ విధించిన ఆ శిక్షవల్ల ఆ యువకునికి విశ్వవిద్యాలయ ప్రవేశానికి కావలసిన యోగ్యతాపత్రం దక్కలేదు. ఆ పత్రం లేమి ఆయనను సంవత్సరాల తరబడి వెంటాడింది.

స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పాలిటెక్నిక్ ఆ పత్రం లేనివారికి కూడా తలుపు తెరచి ఉంచింది. 1865లో అక్కడ చేరి, 1868లో యంత్రశాస్త్రంలో పట్టమూ, మరుసటి ఏడు జ్యూరిచ్ విశ్వవిద్యాలయంనుండి డాక్టరేటూ పొందాడు. గురువైన ఆగస్ట్ కుంట్ ఆయనను భౌతికశాస్త్రం వైపు మరల్చి, తనకు సహాయకునిగా జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌కు తీసుకొనిపోయాడు. అక్కడ బోధనాధికారం కోరగా, పాఠశాల పత్రం లేదన్న కారణంతో ఆ విశ్వవిద్యాలయం నిరాకరించింది. గురుశిష్యులిద్దరూ 1872లో స్ట్రాస్‌బర్గ్‌కు తరలిపోయారు. అదే సంవత్సరం, జ్యూరిచ్‌లో భోజనశాల నడిపే ఒక గృహస్థుని కుమార్తె అన్నా బెర్తాను రాంట్‌జెన్ వివాహమాడాడు. ఆమె ఆయన కంటె ఆరేండ్లు పెద్దది. వారికి సంతానం కలుగలేదు. ఆమె సోదరుని కుమార్తెను పెంచుకొన్నారు. 1888లో భౌతికశాస్త్ర పీఠం అధిష్ఠించమని ఆయనను ఆహ్వానించినది ఏ విశ్వవిద్యాలయమనుకొన్నారు? పత్రం లేదని పంపివేసిన వుర్ట్స్‌బర్గే! యూట్రెక్ట్ నుండి కూడా పిలుపు వచ్చింది గాని ఆయన అటు వెళ్లలేదు. 1894లో వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఆయనే అధిపతియైనాడు.

1895 నవంబరు 8, శుక్రవారం సాయంకాలం. గాలి దాదాపు పూర్తిగా తీసివేసిన గాజునాళంలో విద్యుత్తును ప్రవహింపజేసి రాంట్‌జెన్ కాథోడ్ కిరణాలను పరిశీలిస్తున్నాడు. నాళం చుట్టూ నల్లని అట్ట కప్పి ఉంది. గది చీకటి. అయినా కొంత దూరంలో ఉన్న, బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర మినుకుమినుకుమని వెలిగింది. కాథోడ్ కిరణాలు గాలిలో అంత దూరం పోజాలవని ఆయనకు తెలుసు. కనుక ఇది మరేదో కిరణం. తరువాతి వారాలలో ఆయన ప్రయోగశాలను వదలలేదు. తిండి, నిద్ర కూడా అక్కడే. వేయి పుటల పుస్తకాన్ని అడ్డుపెట్టాడు, కిరణం దూసుకుపోయింది. చెక్క, రబ్బరు, అల్యూమినియం రేకు అడ్డుపెట్టాడు. సీసం మాత్రమే గట్టిగా నిలువరించింది. ఇట్లా పరీక్షిస్తూ చేయి అడ్డుపెట్టినపుడు తెరమీద తన ఎముకల నీడ కనిపించింది. మాంసం కిరణాన్ని సులువుగా పోనిస్తుంది. సున్నం నిండిన ఎముక చాలమట్టుకు దానిని మింగివేస్తుంది. అందువల్లనే ఆ నీడ.

డిసెంబరు 22న భార్యను పిలిపించి, ఆమె చేతిని ఛాయాచిత్రపు పలకమీద పావుగంట సేపు కదలక ఉంచమన్నాడు. ఎముకలూ, వేలి ఉంగరమూ అచ్చుపడ్డాయి. తన మృత్యువునే చూసినట్లు ఆమె భయపడిందని చెబుతారు. డిసెంబరు 28న ఆయన తన పరిశోధన పత్రాన్ని వుర్ట్స్‌బర్గ్‌లోని భౌతిక వైద్య సంఘానికి అందజేశాడు. స్వభావం తెలియని కిరణం గనుక, బీజగణితంలో తెలియని రాశికి వాడే ఎక్స్ అక్షరాన్నే దానికి పేరుగా ఉంచాడు. మన తెలుగు పాఠ్యపుస్తకాలలో అవి క్ష-కిరణాలు అయినాయి, ఉర్దూలో లాషుఆయేఁ అయినాయి. జర్మనులు మాత్రం నేటికీ రాంట్‌జెన్ కిరణాలనే అంటారు. 1896 జనవరి 23న ఆయన సభాముఖంగా కోలికర్ అనే వృద్ధ శరీరశాస్త్రజ్ఞుని చేతిని చిత్రించగా, ఆ పేరును ప్రతిపాదించినవాడు ఆ వృద్ధుడే.

వార్త దావానలంలా వ్యాపించింది. జనవరి 11న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో హాల్ ఎడ్వర్డ్స్ అనే వైద్యుడు చేతిలో గుచ్చుకొన్న సూదిని చిత్రించి చూపాడు. ఫిబ్రవరిలో కెనడాలోని మాంట్రియల్‌లో ఒకని కాలిలో దిగిన తుపాకి గుండును ముందుగా చిత్రంలో చూచి, తరువాతనే కోసి తీశారు. గార్ఫీల్డ్‌కు దక్కని భాగ్యం అది. ఇంత వేగం ఎట్లా సాధ్యమైంది? గాజునాళమూ, విద్యుత్ చుట్టలూ ఆనాటి ప్రతి ప్రయోగశాలలోనూ ఉన్నాయి. అంతకు మించి, వాటిని వాడుకొనడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. బెర్లిన్‌లోని ఒక పెద్ద విద్యుత్ సంస్థ పేటెంటు విషయమై రాంట్‌జెన్‌ను సంప్రదించింది. విశ్వవిద్యాలయాచార్యుని పరిశోధన సర్వమానవుల సొత్తనీ, దానికి హద్దులు కట్టరాదనీ ఆయన త్రోసిపుచ్చాడు. కొందరు దీనిని లోకజ్ఞానం లేని పనిగా ఎంచుతారు. నా మట్టుకు, ఆ నిరాకరణ లేనిదే చిన్న ఊళ్ల ఆసుపత్రులు ఆ కిరణాన్ని చూడడానికి ఎన్నో ఏండ్లు పట్టి ఉండేదని తోస్తుంది.

అయితే ఉచితంగా పంచిన ఆ కిరణంలో ఒక విషమూ దాగి ఉంది. అదెవరికీ తెలియదు. ఎడిసన్ సహాయకుడైన క్లారెన్స్ డాలీ పగలూ రాత్రీ తన చేతులనే కిరణాల కెదురుగా ఉంచి పరీక్షించేవాడు. చేతులు పుండ్లుపడి, కోసివేయవలసి వచ్చి, 1904లో క్యాన్సరుతో మరణించాడు. హాల్ ఎడ్వర్డ్స్ 1908లో ఒక చేతిని కోల్పోయాడు. ఇట్లా బలియైన వైద్యుల, సాంకేతికుల, దాదుల పేర్లు 160కి పైగా చెక్కిన స్మారకశిల 1936లో హాంబర్గ్ నగరపు ఆసుపత్రి ఆవరణలో వెలసింది. తరువాత ఆ పట్టిక ఇంకా పెరిగింది. రాంట్‌జెన్ మాత్రం తన పలకలు పాడుకాకుండా జింకు, సీసం రేకులతో గదివంటి పెట్టె కట్టించుకొని దానిలోనుండి పనిచేసేవాడు. పలకల కోసం కట్టిన పెట్టె ఆయన దేహాన్ని కూడా కాపాడింది.

1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే లభించింది. స్టాక్‌హోమ్ వెళ్లి స్వీకరించాడు గాని ఉపన్యాసం ఇవ్వలేదు. ధనాన్ని వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధనలకు కేటాయించాడు. పేరుకు ముందు చేరే ప్రభువంశ బిరుదును కూడా వద్దన్నాడు. ఆయనలో లోపాలు లేవనడం సత్యం కాదు. అంతకు ముందే కాథోడ్ కిరణాలను నాళం వెలుపలికి రప్పించిన లెనార్డ్ 1894లో తనకు పలుచని అల్యూమినియం రేకులు పంపి తోడ్పడిన సంగతిని ఆయన మరికొంత గట్టిగా చెప్పి ఉండవలసింది. లెనార్డ్ ఆ కినుకను జీవితాంతం మరువలేదు. బాల్యంలో మిత్రుని కాపాడిన మౌనం ఇక్కడ అంత అందంగా లేదు. 1914లో జర్మనీ యుద్ధవిధానాన్ని సమర్థిస్తూ 93 మంది మేధావులు వెలువరించిన ప్రకటనలో ఆయన సంతకమూ ఉంది. తరువాత దానికి చింతించాడు.

1900లో మ్యూనిక్‌కు వెళ్లిన రాంట్‌జెన్ అక్కడే స్థిరపడ్డాడు. దీర్ఘకాలం జబ్బుపడిన భార్యకు స్వయంగా పరిచర్య చేశాడు. 1919లో ఆమె మరణించింది. యుద్ధానంతరం నాణెం విలువ పడిపోయి, దాచుకొన్న సొమ్మూ, బహుమతి నిధీ కరిగిపోయాయి. కోట్లు రాగల పేటెంటును కాదన్న మనిషి ముదిమిలో పొదుపుగా కాలం గడిపాడు. 1923 ఫిబ్రవరి 10న ప్రేగుల క్యాన్సరుతో మరణించాడు. ఆయన కోరిక మేరకు ఉత్తరాలూ, పరిశోధన కాగితాలూ దగ్ధం చేశారు. చితాభస్మాన్ని గీసెన్‌లో భార్య పక్కన ఉంచారు.

ఎముక నీడతోనే ఆ చూపు ఆగిపోలేదు. మెత్తని అవయవాలూ, రక్తనాళాలూ ఆ కిరణానికి విడివిడిగా కనిపించవు. కిరణాన్ని అడ్డగించే ద్రవం ఎక్కిస్తే కనిపిస్తాయని, 1896 జనవరిలోనే వియన్నాలో ఒక శవపు చేతిలో సున్నపు మిశ్రమాన్ని ఎక్కించి నిరూపించారు. 1929లో, జర్మనీలోని ఎబెర్స్‌వాల్డె అనే ఊరి ఆసుపత్రిలో 25 ఏండ్ల వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మాన్ పైవారి ఆజ్ఞను ధిక్కరించి, తన మోచేతి సిరలోనుండి సన్నని గొట్టాన్ని 65 సెంటీమీటర్ల మేర దూర్చుకొని, అదే స్థితిలో ఎక్స్-రే గదికి నడిచి వెళ్లి, గొట్టం కొన గుండెలో ఉన్నట్లు చిత్రం తీయించుకొన్నాడు. ముందు పరిహాసం, 1956లో నోబెల్ బహుమతి ఆయనకు దక్కాయి. 1971 అక్టోబరు 1న లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రం ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చిత్రించింది.

జ్యూరిచ్‌లో రాంట్‌జెన్ పట్టం పుచ్చుకొన్న నూట తొమ్మిదేండ్ల తరువాత, 1977 సెప్టెంబరు 16న, అదే నగరపు విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 38 ఏండ్ల రోగి ఒకడు బల్లమీద పడుకొని ఉన్నాడు. గుండెకు రక్తం తెచ్చే నాళం అతనికి పూడుకొనిపోతున్నది. ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ అనే వైద్యుడు తొడ దగ్గరి ధమనిలో చిన్న రంధ్రం చేసి, కొనకు బుడగ అమర్చిన గొట్టాన్ని లోనికి పంపి, ఎక్స్-రే తెరమీద నీడను చూస్తూ ఆ ఇరుకు చోటికి చేర్చి, బుడగను ఉబ్బించి దారి వెడల్పు చేశాడు. రొమ్ము చీల్చలేదు. రోగికి మత్తు ఇచ్చి నిద్రపుచ్చలేదు. అతడు మేలుకొనే ఉన్నాడు.